రెండంగుళాలు

గుణుపురం బడిలో నా పని పేరు
కాగితం మీద సహాయకురాలు.
పిల్లలు అపా అంటారు,
హెడ్మాస్టరు ఏమమ్మా అంటాడు.
ఎత్తడం, దించడం, తుడవడం,
పెన్సిలు నిలవని వేళ్ళకి గుడ్డ చుట్టడం,
నత్తి పిల్లాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం.
ఆ ఆగడమే అన్నిటికన్నా బరువు.

ఏడో తరగతి సునేమి రయిత
చక్రాల కుర్చీ ఇరవయ్యారంగుళాలు.
మరుగుదొడ్డి గుమ్మం ఇరవైనాలుగు.
దర్జీ టేపుతో మూడుసార్లు కొలిచాను,
కొలిస్తే పెరుగుతుందేమోనని.

రోజూ పదకొండింటికి
కుర్చీ బయట, పిల్ల నా చేతుల్లో.
తలుపు మూసే చోటు లేక
నా వీపే తలుపు.
ఆ పిల్ల గోడకేసి చూస్తూ
పన్నెండో ఎక్కం చదువుకునేది,
అక్కడ నేను కూడా లేనట్టు.
పొద్దుట్నుంచీ నీళ్ళు తాగదని
నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

అర్జీ రాయగడ వెళ్ళింది,
ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.
జవాబు ఏ భాషలో వస్తుందో ఇంకా తెలీదు.

పరుగు నాకు ఎవరూ నేర్పలేదు.
మా నాన్న తవుడు చిన్నబండి దగ్గర
వేయించిన జీడిపప్పు అమ్మేవాడు.
బండి కదిలాక చిల్లర కోసం
కిటికీ పక్కనే పరిగెత్తేదాన్ని.
బండి కూడా పాపం, నన్ను చూసుకునే నడిచేది.

ముప్పై ఎనిమిదేళ్ళకి మళ్ళీ
తమ్ముడి బూట్లలో గుడ్డలు కుక్కుకుని
బజారంతా తిరిగి చెప్పాను:
ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెడతా,
కిలోమీటరుకి మీ ఇష్టం.
టీకొట్టు బెహరా అయిదు.
చేపల గున్నమ్మ రెండు,
పైన నాలుగు తిట్లు.
బస్సు కండక్టరు పది,
మధ్యలో నా బస్సెక్కితే సగమే అన్నాడు.
జీడిమిల్లు షావుకారు ఏకంగా అయిదు వేలు.
ఒక్కటే మాట,
పిల్లని వేదిక మీద కూచోబెట్టాలి,
దండ, ఫొటో, పక్కన ఆయన.

సునేమిని అడిగాను.
అడక్కుండా ఉండాల్సింది.
ఆగాను, చాలాసేపు.
"నన్నెవరూ చూడకూడదనే కదా అపా
నీ పరుగు?"

షావుకారుకి వద్దని చెప్పి వచ్చాను.
ఆ అయిదు వేలూ ఇక కాళ్ళలోంచే తియ్యాలి.
ఇరవయ్యొకటి ముప్పై రెండయింది.

వంశధార వంతెన నుంచి బియ్యం మిల్లుకి,
మళ్ళీ వెనక్కి,
పదహారు చుట్లు.
లెక్క తనదే అంది సునేమి.
వంతెన మొదట్లో, మంచులో, శాలువా కప్పుకుని
ఒళ్ళో పదహారు చింతపిక్కలు.

పదమూడో చుట్టులో నా కాలి పిక్క పట్టేసింది.
రోడ్డు మీద కూలబడ్డాను.
ఎవరూ తొయ్యకుండా
ఎత్తు మీదికి కుర్చీ తిప్పుకుంటూ వచ్చింది.
లే అనలేదు. అయ్యో అనలేదు.
చెయ్యి అందివ్వలేదు.
నేను ఊపిరి తీసుకునేదాకా
పక్కన ఆగింది.
తర్వాత గుప్పిట తెరిచి చూపించింది:
"పన్నెండే. ఇది అయితేగానీ
పదమూడు వెయ్యను."

మిగిలింది కుంటుతూ నడిచాను.
కండక్టరు నడకకీ పదే ఇచ్చాడు.
గున్నమ్మ పొలుసు అంటిన నోటు మడతలో
ఇంకో నోటు ఉంది,
అడిగితే మళ్ళీ తిట్టింది.

మేస్త్రీ గోడ కొట్టడం మొదలెట్టి
రెండేమిటి, కంజూసు పని, అని
ఆరు కొట్టేశాడు.

సున్నం ఆరిన మొదటి రోజు
కుర్చీ లోపలికి వెళ్ళింది.
తలుపు పడింది.
గడియ ఒకసారి జారి, మళ్ళీ దొరికి,
టక్కుమంది.
ఎక్కం వినబడలేదు.
బయట నేను,
నా వీపుకి పని లేదు,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మర్నాడు సునేమి
సీసా నిండా నీళ్ళు తెచ్చుకుంది.
పదిన్నరకల్లా ఖాళీ.